పన్నెండు గోబేర్ల రాయి

మొరాంకూర్ పట్టణంలో కెథడ్రల్ కట్టుబడి మొదలైన ముప్పై ఒకటో ఏటికి, అక్కడి రాతిపనివారి కొట్టంలో బరువులు చెప్పుకునే పద్ధతి ఒకటి స్థిరపడిపోయి ఉంది. కిటికీ గడపరాయి అర గోబేర్. స్తంభం నెత్తిన కూర్చునే ఆకులరాయి మూడు గోబేర్లు. వాననీళ్లు కక్కే వికారపు జంతువుల బొమ్మలు, చెక్కినవాడి కోపాన్ని బట్టి, గోబేర్‌కు కాస్త అటూ ఇటూ. ఈ గోబేర్ అన్నది రాజుగారు ముద్ర వేయించి పంపిన తూకం కాదు. తొక్కుడు చక్రంలో నడిచే మనిషి పేరు.

ఆ చక్రం కొయ్యకప్పు కింద, అటక మీద ఉండేది. మూడు నిలువుల ఎత్తు. లోపల మెట్లలా బద్దలు. గోబేర్ అందులోకి దిగి, ఎదర ఉన్న బద్దను తొక్కి, దాని తరువాతి దాన్ని తొక్కి, అలా ఎక్కుతూ ఉంటే ఆయన ఉన్నచోటనే ఉండేవాడు, చక్రం తిరిగేది, ఇరుసుకు మోకు చుట్టుకునేది, కింద నేల మీద ఉన్న రాయి పైకి లేచేది. ఒక గోబేర్ ఆ చక్రంలో పన్నెండు గోబేర్ల బరువును ఎత్తగలడు. పదమూడోది ఎత్తలేడు. కనుక ఏ రాయి వచ్చినా పెద్దమేస్త్రి రెనియే దాన్ని ముందుగా దూలపు త్రాసులో ఒక పక్కన పెట్టించి, రెండో పక్కన గోబేర్‌ను కూర్చోబెట్టి, దూలం మీద వేసిన గాట్లను బట్టి లెక్క తేల్చేవాడు. తూకపు రాళ్లు అరుగుతాయి, దొంగతనానికి పోతాయి. గోబేర్ అరగడు, పోడు, పైగా పిలిస్తే తనంతట తానే నడిచి వస్తాడు.

ఆయన వయసు నలభై ఆరు. చక్రంలో పంతొమ్మిదేళ్లు. కెథడ్రల్‌లో పూజలు చేసే గురువుగారొకరు తీరిక దొరికి లెక్క కట్టి, గోబేర్ ఈపాటికి యెరూషలేముకు రెండుమార్లు వెళ్లి వచ్చినంత దూరం నడిచాడని తేల్చారు. ఆ మాట విని ఊరివాళ్లు, ‘మరి అక్కణ్నుంచి ఏం తెచ్చావు?’ అని అడిగేవారు. ఆయన నిజాయతీగా ఆలోచించి, ‘కాళ్లనొప్పులు’ అని చెప్పేవాడు. ఆ జవాబులో ఆయనకు హాస్యమేమీ కనిపించేది కాదు.

నడిచే మనిషి ముఖం ఎప్పుడూ చక్రపు బద్దల వైపే ఉంటుంది. తాను ఎత్తిన రాళ్లలో ఒక్కటి కూడా గాలిలో ఉండగా గోబేర్ చూసి ఎరగడు. రాయి ఎంత పైకి వచ్చిందో మోకు చేసే చప్పుడును బట్టి తెలుసుకునేవాడు. అయితే ఆయన నిజమైన విద్య నడక కాదు, నిలవడం. పైన మేస్త్రి ‘ఆగు’ అనగానే, వెనక్కు లాగుతున్న పన్నెండుమంది మనుషుల బరువును తన ఒక్క ఒంటితో ఆపి, దీపస్తంభంలా నిలబడాలి. నడక ఎవడికైనా వస్తుంది. నిలకడ పదేళ్లకు గాని రాదు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఊళ్లో ఇద్దరే: గోబేర్, ఆయన భార్య ఎర్సాంద్.

ఆ ఏటి పొరపాటు అర్థం కావాలంటే మామూలు ఏళ్ల సంగతి చెప్పుకోవాలి. నవంబరులో పునీత మార్టిన్ పండుగ దాటితే చలికి సున్నం పట్టదు. అందుచేత పని ఆపి, సగం లేచిన గోడలకు మంచు తగలకుండా గడ్డీ పేడా కప్పేవారు. చలికాలమంతా కెథడ్రల్ పశువుల కొట్టం వాసన వేసేది. గురువులు ముక్కుల మీద చేతిరుమాళ్లు పెట్టుకుని కీర్తనలు పాడేవారు. కూలీలు పొలాలకు వెళ్లిపోయి ఈస్టరు తరువాత గాని వచ్చేవారు కారు. ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సుకాలం ఆ విధంగా చక్రం కదలని రోజుల్లోనే వచ్చి పోయేది. కాబట్టి ముప్పై ఏళ్లుగా ఉపవాసానికీ చక్రానికీ ముఖాముఖి పరిచయం కలగలేదు.

ఆ ఏడు చలి రాలేదు. బిషప్పుగారు దూరపు పట్నం నుంచి కబురు పంపారు: ఈస్టరునాటి పూజ తాను పీఠమండపంలో, పూర్తయిన రాతికప్పు కింద పాడతానని. పీఠమండపం అంటే బలిపీఠం చుట్టూ గురువులు కూర్చుని పాడే చోటు. దాని మీద కొయ్యకప్పు ఎప్పుడో వేశారు. దాని కింద రాతికప్పు, నాలుగు మూలల నుంచి చేప ముళ్లలా లేచిన రాతి బద్దలతో, కొయ్య మూస మీద ఆనుకుని, దాదాపు పూర్తయింది. ఆ బద్దలన్నీ కలిసే నడినెత్తిన ఒక్క రాయి మిగిలింది. దాన్ని ముడిరాయి అంటారు. అది కూర్చుంటే మూస తీసేసినా కప్పు నిలుస్తుంది. అది లేకపోతే అంతా కొయ్య దయ. దాని అడుగున పునీత మోరాన్ ముఖం అప్పటికే చెక్కేశారు. మార్టిన్ పండుగనాడు త్రాసులో తూచి, రెనియే తృప్తిగా, ‘సరిగ్గా పన్నెండు గోబేర్లు’ అన్నాడు.

మార్టిన్ పండుగంటే ఊళ్లో పందులనూ బాతులనూ కోసే రోజని, ఆనాటి గోబేర్ ఏడాది మొత్తంలోకీ నిండైన గోబేర్ అనీ, లెక్కలో దిట్ట అయిన రెనియేకు తట్టలేదు.

దీనికి తోడు ఒక మొక్కుబడి ఉంది. ఆ శరదృతువులో ఒక మోకు తెగి, రెండు గోబేర్ల రాయి వచ్చి ఎర్సాంద్ ఎండుచేపల దుకాణానికి రెండు బారల అవతల పడింది. వీధిలో పెట్టిన ఒక పీపా పచ్చడయింది గాని ఎర్సాంద్‌కు గీత కూడా పడలేదు. గోబేర్ చక్రం దిగి వచ్చి, ఊరి పవిత్ర వస్తువైన పునీత మోరాన్ మోకాలిచిప్ప పెట్టె ముందు పడి, రాబోయే తపస్సుకాలమంతా రొట్టె, నీళ్లు తప్ప ఏమీ ముట్టనని మాట ఇచ్చాడు. ఊళ్లో మిగతావాళ్లు ఆ నలభై రోజులూ మాంసం మానేసి చేపలూ బఠాణీ జావా తినేవారు. పోయే కండ పెద్దగా ఉండేది కాదు. గోబేర్‌కు నాలుగో వారానికి నడుముపట్టీకి కొత్తగా మూడు బెజ్జాలు పొడవవలసి వచ్చింది.

ఆ నాలుగో వారం శుక్రవారం నాడు ముడిరాయికి మోకు కట్టారు. గోబేర్ సిలువగుర్తు వేసుకుని చక్రంలోకి దిగాడు. పది అడుగులు బాగానే వేశాడు, మోకు బిగిసింది, రాయి నేల నుంచి మోకాలెత్తు లేచింది. పదకొండో అడుగుకు చక్రం ఆగింది. పన్నెండో అడుగు వేయబోతే చక్రమే వెనక్కు తిరిగి, గోబేర్‌ను మెల్లగా, మర్యాదగా, వెల్లకిలా పైకి తీసుకువెళ్లింది.

కప్పులోని కన్నం గుండా కింద నుంచి రెనియే గొంతు వచ్చింది. “ఏరా, ఏం చేస్తున్నావక్కడ?”

“ఎక్కుతున్నానండి.”

“నువ్వు ఎక్కడం కాదు, రాయి ఎక్కాలి.”

“రాయి దిగుతోందండి. అందుకని నేను ఎక్కుతున్నాను.”

రాయి కింద ఆనగానే చక్రం వదిలిపెట్టింది. గోబేర్ దిగి వచ్చాడు. రెనియే ఆయన్ను దూలపు త్రాసులో కూర్చోబెట్టి చూసి, రెండోసారి చూసి, ముఖం వేలాడేశాడు.

“రాయి పద్నాలుగు గోబేర్లయింది” అన్నాడు.

“రాయి పెరుగుతుందా మేస్త్రీ?” అన్నాడు వడ్రంగి.

“కొలతే చిక్కిపోయింది” అన్నాడు రెనియే.

ఇంకొక మనిషిని చక్రంలో దింపితే సరిపోదా అని ఎవరికైనా తోస్తుంది. తోచింది కూడా. కాని కూలీలు పొలాల్లో ఉన్నారు. కొట్టంలో మిగిలినవాళ్లు చెక్కేవాళ్లు; చెక్కేవాడు చక్రం తొక్కరాదని వారి సంఘానికి తాతలనాటి కట్టడి. ఆ కట్టడి ఎందుకు పెట్టారని అడిగితే, దాన్ని మీరకుండా ఉండడానికని చెప్పారు. వడ్రంగి ఒప్పుకుని దిగాడు గాని, అతని అడుగు గోబేర్ అడుగుతో కలవలేదు. చక్రం కుంటిగుర్రంలా ఎగిరిపడి, రాయి ఊగి, మూసకు తగిలి, పునీత మోరాన్ ముక్కు కొస లేచిపోయింది.

మరునాడు కొట్టానికి ప్రధానగురువు ఓబ్రి స్వయంగా వచ్చాడు. ఆయన ఉపవాసం లేనప్పుడు కూడా ఉపవాసంలోనే ఉన్నట్టు కనిపించే సన్నని మనిషి.

“నీటికుక్క తోక తినవచ్చు” అన్నాడాయన, కూర్చోకుండానే. “తోక ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది కాబట్టి అది చేపతో సమానం. పుస్తకంలో ఉంది.”

“నాకు రొట్టె, నీళ్లేనండి స్వామీ. మాటిచ్చాను” అన్నాడు గోబేర్.

“మొక్కు నేను విప్పలేను. బిషప్పుగారే విప్పాలి.”

“బిషప్పుగారెప్పుడొస్తారు?” అన్నాడు రెనియే.

“ఈస్టరునాడు. పూర్తయిన కప్పు కిందికి.”



ఆపైన సీసపు చొక్కా తయారైంది. కప్పు మీద పరిచే సీసపు రేకులను భుజాలకూ నడుముకూ కట్టి, గోబేర్‌ను మార్టిన్ పండుగనాటి బరువుకు తెచ్చారు. త్రాసులో లెక్క గాటు మీదికి సరిపోయింది. అయితే రొట్టె మీద బతుకుతున్న కాళ్లకు ఆ సీసం తమదని తెలియలేదు. మెలికల మెట్లు సగం ఎక్కేసరికి గోబేర్ కూర్చుండిపోయాడు. కూర్చున్నవాడిని లేపడానికి నలుగురు కావలసి వచ్చారు.

రెనియే చెడ్డవాడు కాడు. అయినా అతని మెడ మీద బిషప్పుగారి కబురు ఉంది. “చూడు గోబేర్. మట్టల ఆదివారానికి ముందురోజు దాకా చూస్తాను. ఆలోపు రాయి లేవకపోతే పొరుగూరి కట్టుబడి నుంచి గాడిద వస్తుంది. అది చక్రానికి అలవాటుపడినదే. వచ్చాక మళ్లీ పంపను. చక్రం ఇక దానిదే.”

“గాడిదకు ఉపవాసం ఉండదాండీ?” అన్నాడు గోబేర్.

“దానికి ఆత్మ లేదు గనుక ఉండదు” అన్నాడు ఓబ్రి.

గోబేర్‌కు తెలిసిన పని ఇదొక్కటే. పంతొమ్మిదేళ్లు ఒకే చోట నడిచిన మనిషికి వేరే చోట ఎలా నడవాలో తెలియదు.

గాడిద గురువారానికే వచ్చి, దక్షిణద్వారం పక్కన కట్టబడి, వచ్చింది మొదలు గడ్డి తింటూనే ఉంది. గోబేర్ రొట్టెముక్క పట్టుకుని దాని ఎదురుగా నిలబడ్డాడు. గాడిద యజమాని హ్యూడ్ మాటకారి.

“దీన్ని అటక మీదికి ఎక్కించడమొకటే చిక్కు. మెట్లు ఎక్కదు. మోకు కట్టి లాగాలి” అన్నాడు.

“చక్రంతోనా?”

“మరి? నువ్వే తొక్కాలి. మహా అయితే రెండు గోబేర్లుంటుందిట. మీ మేస్త్రి చెప్పాడు.”

తన స్థానంలోకి వచ్చేదాన్ని తానే పైకి ఎత్తి కూర్చోబెట్టాలన్న మాట గోబేర్‌కు చాలాసేపటికి గాని పూర్తిగా బోధపడలేదు. బోధపడ్డాక రొట్టె కూడా దిగలేదు. వెళ్లి ఎర్సాంద్ దుకాణం వెనుక పీపా మీద కూర్చున్నాడు.

ఎర్సాంద్ ఊళ్లో నాలుగు వీధులకు వినిపించే గొంతు గల మనిషి. ఎండుచేపల పీపాను ఒంటిచేత్తో దొర్లించేది. ఆమె కూర్చుంటే వీధి, లేస్తే బల్ల ఊపిరి పీల్చుకునేవి. అప్పుడు గిరాకీ లేదు.

“ఏమయ్యా, ఏంటా ముఖం?”

“గాడిదను ఎత్తాలిట.”

“ఎత్తు. నన్ను కట్టుకున్న రోజున ఎత్తలేదూ?”

“ఎత్తి, చక్రం దానికి ఇచ్చి, దిగి రావాలిట.”

ఎర్సాంద్ చేపను బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుంది. “ఎంత తగ్గావు?”

“రెండు వంతులకు పైగా. పన్నెండింట్లో.”

“నా మీద పడబోయిన రాయికి గదా మొక్కావు?”

“ఆఁ.”

“అయితే ఆ రెండు వంతులూ నా మూలానే పోయాయి. నేనే పూడుస్తాను. లే.”

“ఆడవాళ్లు పీఠమండపంలోకి వెళ్లకూడదే.”

“అది ఆ సన్నాయన చూసుకుంటాడు. నువ్వు అడుగు కలుపు, చాలు. ఇరవై రెండేళ్లుగా మనం మాట కలపలేదు గాని అడుగు తప్పామా ఎప్పుడైనా?”

నిజమే. ప్రతి ఏడూ మోరాన్ యాత్రకు ఇరవై మైళ్లు ఇద్దరూ పోట్లాడుకుంటూ నడిచేవారు. అడుగు మాత్రం ఒకటే పడేది.

గడువు రోజైన శనివారం ఉదయం పీఠమండపం గుమ్మంలో ఎర్సాంద్ చేతులు కట్టుకుని నిలబడింది. లోపలి వైపు ఓబ్రి నిలబడ్డాడు. మధ్య రెనియే. అటక మీదికి పోయే మెట్ల తలుపు పీఠమండపం లోపలే ఉంది.

“ఆడమనిషి ఈ గడప దాటకూడదు” అన్నాడు ఓబ్రి. “ఇది నేను పెట్టింది కాదు.”

“ఏది గడప స్వామీ?” అన్నాడు రెనియే. రాత్రంతా ఆలోచించినవాడిలా ఉన్నాడు. “గుడంటే కప్పుండాలి. ముడిరాయి పడందే కప్పు కప్పు కాదు. మూస మీద వాలిన రాళ్లగుట్ట.”

“పైన కొయ్యకప్పు ఉందిగా.”

“అది పందిరి స్వామీ. పందిరి వేసినంతమాత్రాన పెరడు ఇల్లవుతుందా?”

ఓబ్రి తల ఎత్తి కన్నం వైపు చూశాడు. ఈస్టరుకు ఎనిమిది రోజులుంది. ఆయనకు గాడిద మీద కూడా పెద్ద ప్రేమేమీ లేదు. రెండు రోజులుగా ప్రార్థన వేళకు సరిగ్గా అది కూడా గొంతు కలుపుతోంది. చాలాసేపు పెదవులు కదిపి, చివరకు అన్నాడు: “ముడిరాయి లేనంతవరకు ఇది పెరడే. పెరట్లో ఎవరైనా తిరగవచ్చు. కాని రాయి కూర్చున్న ఆ క్షణం నుంచి ఇది గుడి. అది గుర్తుంచుకో.”

“పెరడు బాగుంది స్వామీ. కాస్త ఊడిపిస్తే ఇంకా బాగుంటుంది” అంటూ ఎర్సాంద్ గడప దాటింది.

మెలికల మెట్లు ఆమె వెడల్పును ఉద్దేశించి కట్టినవి కావు. కొన్ని చోట్ల పక్కకు తిరిగి, ఒకచోట గురువులు కట్టించిన దారుల గురించి నాలుగు మాటలు చెప్పి, మొత్తానికి చేరుకుంది. చక్రంలో గోబేర్ కుడివైపు, ఆమె ఎడమవైపు. మొదటి అడుగుకే చక్రం పాత స్నేహితురాలిలా కదిలింది.

“అంత తొందరేం?” అంది ఎర్సాంద్.

“తొందర కాదు. ఇదే నడక.”

“పంతొమ్మిదేళ్లుగా ఇంటికి ఇంత తొందరగా వచ్చావా ఒక్కరోజైనా?”

“మాట్లాడితే ఊపిరి పోతుంది.”

“నాకు మాట్లాడకపోతే పోతుంది.”

మోకు మూలిగింది. కింద కొట్టంవాళ్లు, గురువులు, పనిలేని సగం ఊరు తలలెత్తి చూస్తుండగా, ముక్కు కొస లేని పునీత మోరాన్ నేల వదిలి, మోకాలెత్తు దాటి, నిలువెత్తు దాటి, ఊగకుండా, తొణకకుండా పైకి వెళ్లాడు. పైనుంచి మాత్రం ఎండుచేపల ధర గురించీ, అత్తగారి గురించీ, పోయిన ఏటి యాత్రలో ఎవరు దారి తప్పించారన్న దాని గురించీ వాదన వినబడుతూ ఉంది. వాదన ముదిరినకొద్దీ రాయి వేగంగా లేచింది. రాతి బద్దల మధ్యకు వచ్చాక రెనియే “ఆగు” అన్నాడు, ఇద్దరూ ఆగారు. “వెనక్కు, అరడుగు” అన్నాడు, అరడుగు వేశారు. రాయి తన చోట్లోకి దిగి, ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టు గరగరలాడి, కూర్చుంది.

కింద గంటలు మోగలేదు, తపస్సుకాలం కదా. కొట్టంవాళ్లు టోపీలు తీశారు. రెనియే కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు.

మూస దింపడానికి ఇంకా రోజులు పట్టవచ్చు గాని, ఓబ్రి లెక్కలో పీఠమండపం ఆ క్షణానే గుడి అయింది. ఆయన మెట్ల తలుపు దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు.

“ఎర్సాంద్ దిగుతోంది స్వామీ, తప్పుకోండి” అన్నాడు రెనియే.

“ఎలా దిగుతుంది? ఈ మెట్లు పీఠమండపంలోకి దిగుతాయి. ఇది ఇప్పుడు గుడి.”

“ఎక్కింది ఇటే కదండీ.”

“అప్పుడు పెరడు.”

ఈ సంగతి చక్రం దగ్గరికి చేరేసరికి ఎర్సాంద్ చెమట తుడుచుకుంటూ ఉంది. ఆమె మొదట నవ్వింది. తరువాత నడుము మీద చేతులు పెట్టుకుంది. “నన్ను గుడి నెత్తిన కూర్చోబెట్టి, కిందికి రానివ్వనంటాడా? చెప్పు ఆయనకు, ఇక్కడే కాపురం పెడతానని. పొద్దున్నే ఆయన పాడుతుంటే పైనుంచి నేనూ పాడతాను.”

ఓబ్రికి ఆ గొంతు తెలుసు. ఆయన ముఖం పాలిపోయింది గాని మాట వెనక్కు తీసుకోలేదు. తీసుకుంటే ఉదయం జరిగిందంతా తప్పవుతుంది.

దారి చూపింది వడ్రంగి. పక్కగోడలో దూలాలు లోనికి తెచ్చుకునే పెద్ద కిటికీ ఉంది. మోకును అటువైపు కప్పీ మీదికి మళ్లిస్తే, సున్నపు బుట్టలో కూర్చోబెట్టి వెలుపలి గోడ వెంట దింపవచ్చు. వెలుపలి గోడ గుడి కాదని ఓబ్రి వెంటనే ఒప్పుకున్నాడు. పావుగంటలో ఎర్సాంద్ బుట్టలో కూర్చుంది. చక్రంలో ఈసారి గోబేర్ ఒక్కడే.

దించేటప్పుడు వెనక్కు నడవాలి. ఆ కిటికీ సరిగ్గా చక్రానికి ఎదురుగా ఉండడం వల్ల, బద్దల సందుల గుండా, తాను మోస్తున్నది వెలుతురులో వేలాడుతుండగా గోబేర్ మొట్టమొదటిసారి చూశాడు. మొదట ఎర్సాంద్ నడుము దాకా కనిపించింది. తరువాత భుజాలు, తరువాత తలగుడ్డ. తరువాత మోకు ఒక్కటే.

కింద వీధిలో జనం గుమిగూడారు. గోడ సగానికి వచ్చాక ఎర్సాంద్ గొంతు వినిపించింది.

“ఆపవయ్యా.”

గోబేర్ ఆగాడు.

“ఏమైందే?”

“ఏమీ కాలేదు. ఇక్కడ గోడ మీద ఎవరో బొమ్మలు చెక్కారు. చిన్నచిన్నవి. కిందనుంచి ఎవరికీ కనబడవు. ఒక ఆడమనిషి పంది తోక పట్టుకు లాగుతోంది. పంది ముఖం చూస్తే మీ అన్నయ్యే.” కొంచెం ఆగి అంది. “ఎవరూ చూడని చోట ఇంత శ్రద్ధగా ఎందుకు చెక్కాడో. చూడనీ కాసేపు.”

రెనియే తల వంచుకున్నాడు. అవి అతని తండ్రి చెక్కినవి.

హ్యూడ్ గాడిద పలుపు పట్టుకుని మేస్త్రి పక్కకు చేరాడు. “మేస్త్రిగారూ, దీన్ని ఎప్పుడు పైకి కట్టమంటారు? సోమవారమా?”

రెనియే బుట్ట వంక చూశాడు. అది గాలిలో, వెంట్రుకవాసి కూడా కదలకుండా ఉంది. ఎర్సాంద్ బుట్ట అంచు మీద మోచేతులు ఆన్చి, బొమ్మలు ఒక్కొక్కటీ చూస్తూ ఉంది. ఐదు వారాలుగా రొట్టె, నీళ్లు తప్ప ముట్టని మనిషి పైన నిలబడి ఉన్నాడు.

“తీసుకుపో” అన్నాడు రెనియే. “నడవడమైతే ఇదీ నడుస్తుంది. ఇలా నిలబడమంటే నిలబడదు.”

“ఎంతసేపు నిలబడతాడేం?” అన్నాడు హ్యూడ్.

“ఆవిడ చూడ్డం అయ్యేదాకా.”

ఎర్సాంద్ ఇంకా మూడో బొమ్మ దగ్గరే ఉంది.